సీసీ కెమెరాల కన్నా ముందు తలుపులు చూడండి

మందిరం భద్రత గురించి సంఘ పెద్దలు కూర్చోగానే మొదట వచ్చే మాట సీసీ కెమెరాలు. ఎన్ని పెట్టాలి, ఏ కంపెనీవి కొనాలి, ఫోన్లో కనిపిస్తాయా అని గంట గడిచిపోతుంది. అప్పటికి పక్క తలుపుకి తాళం వేలాడుతూనే ఉంటుంది, సండే స్కూల్ గదిలో టీచరు ఒక్కరే ఉంటారు, కానుకల సంచి ఎవరో ఒకరి చేతిలో ఇంటికి వెళ్తుంది. కెమెరా ఇందులో దేన్నీ ఆపదు. జరిగిపోయాక చూపిస్తుంది, అంతే.

చర్చి భవనం వారంలో ఎక్కువ రోజులు ఖాళీగా ఉండి ఒక్కరోజు కిక్కిరిసిపోతుంది. పనులు చేసేది ఎక్కువగా వాలంటీర్లు. పైగా అందరూ తెలిసినవాళ్ళే కాబట్టి "మీరొక్కరే ఎందుకు లెక్కపెడుతున్నారు?" అని అడగడానికి మొహమాటం. ఫ్యాక్టరీలో అయితే ఈ పనికి ఒక మనిషిని పెడతారు. చర్చిలో ఎవరో ఒకరు చూసుకుంటారులే అనుకుంటారు, ఎవరూ చూడరు. అందుకే కింద రాసిన ప్రతి పని పక్కనా ఒక పేరు, ఒక తేదీ ఉండాలి. కమిటీ పేరు రాసుకుంటే ఉపయోగం లేదు, మనిషి పేరు రాయండి.

తలుపులు, కుర్చీలు, జనం

1863 డిసెంబరు 8న చిలీ రాజధాని శాంటియాగోలో పండుగ ఆరాధన జరుగుతున్న జెసూట్ చర్చిలో అలంకరణలకి నిప్పంటుకుంది. 2,000 మందికి పైగా చనిపోయారు. తలుపుల దగ్గర ఒకరి మీద ఒకరు పడి దారి మూసుకుపోయింది. 2022 ఆగస్టు 14న ఈజిప్టులో, గీజా పరిధిలోని ఇంబాబాలో అబూ సిఫీన్ చర్చిలో ఏసీలో వచ్చిన విద్యుత్ లోపంతో మంటలు లేచాయి. 41 మంది పోయారు, వాళ్ళలో పిల్లలు చాలామంది. ఎక్కువ ప్రాణాలు తీసింది పొగ. ఈ రెండింటి మధ్య నూట యాభై ఏళ్ళు దాటిన ఎడం ఉన్నా అడగాల్సిన ప్రశ్నలు మారలేదు: లోపల ఎంతమంది ఉన్నారు, బయటికి ఎన్ని దారులున్నాయి, పై అంతస్తులో ఎవరిని కూర్చోబెట్టారు.

ముందు హాలుకి ఒక సంఖ్య తేల్చండి. విడి కుర్చీలైతే మనిషికి సుమారు 0.65 చదరపు మీటర్లు (7 చదరపు అడుగులు), బల్లలు కూడా వేస్తే 1.4, నిలబడే చోట 0.46 చదరపు మీటర్లు. భవన నియమావళుల్లో ఎక్కువగా వాడే లెక్క ఇదే. బెంచీల మీద మనిషికి 45 సెంటీమీటర్లు. వేదిక, నడవాలు, సౌండ్ డెస్కు పోగా 104 చదరపు మీటర్లు మిగిలితే ఆ హాలు 160 మందికే. పండుగనాడు 300 మంది వస్తారని తెలిస్తే రెండు ఆరాధనలు పెట్టుకోవాలి. నడవాల్లో అదనపు కుర్చీలు వేయడమంటే దారిని మీ చేతులతో మీరే మూసేయడం. అగ్నిమాపక శాఖ మీ హాలుకి ఇచ్చిన సంఖ్య ఉంటే ఈ లెక్కలన్నీ పక్కన పెట్టి దాన్నే పాటించండి, గుమ్మం దగ్గర రాసి పెట్టండి.

దాదాపు 50 మంది దాటే హాలుకి రెండు దారులు ఉండాలి, 500 దాటితే మూడు, 1,000 దాటితే నాలుగు. రెండు తలుపులు పక్కపక్కనే ఉంటే ఒకే మంట రెండింటినీ మింగేస్తుంది. హాలు ఒక మూల నుంచి ఎదురు మూలకి ఉన్న దూరంలో కనీసం సగం ఎడం వాటి మధ్య ఉండాలి. తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపలికి తెరుచుకునే తలుపు మీద వెనకనుంచి జనం ఒత్తిడి పడితే దాన్ని ఎంత బలవంతుడైనా లాగలేడు. ఒంటితో నెడితే తెరుచుకునే పానిక్ బార్ పెట్టిస్తే తాళంచెవి వెతుక్కునే గొడవ ఉండదు.

దొంగల భయంతో ఆరాధన మొదలవగానే పక్క తలుపులకి గొలుసు చుట్టేసే అలవాటు కొన్నిచోట్ల ఉంది. దాన్ని ఈ వారమే మానేయండి. బయటినుంచి తెరవలేని, లోపలినుంచి తాళంచెవి లేకుండా ఎప్పుడూ తెరుచుకునే తాళాలు దొరుకుతాయి. దొంగల భయానికీ మంటల భయానికీ అదొక్కటే సరిపోతుంది.

రెండు పక్కలా నడవా ఉన్న వరసలో 14 కుర్చీలు, ఒక పక్కే నడవా ఉంటే 7 మించకూడదు. ముందు కుర్చీ వీపుకీ వెనక కుర్చీ అంచుకీ మధ్య 30 సెంటీమీటర్ల ఖాళీ తగ్గకూడదు. 200 మందికి పైగా కూర్చునే చోట విడి కుర్చీలని మూడేసి చొప్పునైనా క్లిప్పులతో కలపండి. జనం లేచి పరుగెత్తితే ముందు పడేది కుర్చీలు, ఆ కుర్చీల్లో కాళ్ళు ఇరుక్కుని మనుషులు.

ఖాళీ చేయించే డ్రిల్లు ఏడాదికి రెండుసార్లు. అందులో తప్పకుండా బయటపడే లోపం ఒకటుంది: తల్లిదండ్రులు బయటికి పోకుండా పిల్లల గదివైపు ఎదురు పరుగెడతారు. వద్దని ఎంత చెప్పినా ఆగరు. పిల్లల్ని టీచర్లే ఫలానా చెట్టు దగ్గరికో గోడ దగ్గరికో తీసుకొస్తారనీ, అక్కడ హాజరు పట్టీ చూసి అప్పగిస్తారనీ ముందే పదిసార్లు వినిపించి ఉంటేనే కొంత నమ్మకం కుదురుతుంది. చిన్నపిల్లల గదిని వీలైతే కింద అంతస్తులో, బయటికి సొంత తలుపు ఉన్నచోట పెట్టండి. మైకు దగ్గర అతికించిన కాగితంలో రెండే వాక్యాలు ఉండాలి: "అందరూ దగ్గర్లో ఉన్న తలుపు గుండా బయటికి నడవండి. పిల్లల్ని టీచర్లు తీసుకొస్తున్నారు." సంగీతం ఆపి లైట్లన్నీ వేసే పని సౌండ్ దగ్గర కూర్చున్న మనిషిది.

మంట ఎక్కడ మొదలవుతుంది

వైరింగు ఒకప్పుడు నాలుగు ఫ్యాన్లకీ ఆరు లైట్లకీ వేసి ఉంటారు. తర్వాత ఏసీలు, కీబోర్డు, యాంప్లిఫయర్లు, ఎల్ఈడీ తెర ఒక్కొక్కటే వచ్చి చేరతాయి, తీగలు మాత్రం అవే. లోడు ఎక్కువై బ్రేకర్ పడిపోతుంటే ఎవరో ఒక ఉత్సాహవంతుడు పెద్ద ఆంపియర్ల బ్రేకర్ మారుస్తాడు. అప్పటినుంచి బ్రేకర్ పడదు, తీగ కాలుతుంది. బ్రేకర్ పరిమాణం తీగ మందాన్ని బట్టి ఉంటుందన్న సంగతి మర్చిపోతే వచ్చే ఫలితం ఇది. మూడు నుంచి ఐదేళ్ళకోసారి లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తో మొత్తం తనిఖీ చేయించి నివేదిక కాగితం మీద తీసుకోండి. మామూలుగా వాడే లోడంతా వేసి అరగంటయ్యాక ప్లగ్గులు, బోర్డులు చేత్తో తాకి చూడటం మీరూ చేయగలరు. గోరువెచ్చన మించి వేడి ఉంటే అక్కడ సమస్య ఉంది.

ఎక్స్‌టెన్షన్ తీగని కార్పెట్ కింద పరిస్తే వేడి పోదు, పైపొర అరిగిపోయినా కనపడదు. చుట్టకి చుట్టే ఉంచి ఎక్కువ లోడు వేస్తే లోపలి చుట్లు కరుగుతాయి, పూర్తిగా విప్పి వాడాలి. ఎక్స్‌టెన్షన్ బోర్డుకి ఇంకో ఎక్స్‌టెన్షన్ బోర్డు తగిలించకూడదు. జనరేటర్ ఎప్పుడూ ఆరుబయటే, కిటికీలకీ తలుపులకీ కనీసం 6 మీటర్ల దూరంలో. అది వదిలే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రమత్తుగా అనిపిస్తుంది తప్ప ప్రమాదమని తెలియదు.

కొవ్వొత్తుల ఆరాధనలో ఒకరి నుంచి ఒకరు వెలిగించుకునేటప్పుడు వెలుగుతున్న కొవ్వొత్తిని నిటారుగా ఉంచి వెలగని దాన్ని వంచాలి. అందరూ దీనికి తిరగేసి చేస్తారు, వేడి మైనం చేతుల మీద, ముందువాళ్ళ జడల మీద పడుతుంది. మైనం ఆపే కాగితపు చక్రాలు పెట్టండి. చిన్నపిల్లలకి బ్యాటరీ కొవ్వొత్తులు చాలు, దేవుడికేమీ అభ్యంతరం ఉండదు.

అగ్నిమాపక సిలిండర్ కోసం ఎవరూ 23 మీటర్ల కన్నా ఎక్కువ నడవాల్సి రాకూడదు. వంటగదిలో నూనె మంటలకి కె రకం విడిగా, 9 మీటర్ల లోపు ఉండాలి. సౌండ్ డెస్కు దగ్గర కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ పెట్టండి, మామూలు సిలిండర్లలో ఉండే ఏబీసీ పొడి మంటతోపాటు మిక్సర్‌నీ చంపేస్తుంది. నెలకోసారి ముల్లు పచ్చ గీతలో ఉందా, పిన్ను, సీలు ఉన్నాయా చూసి ట్యాగు మీద తేదీ వేయాలి. వాడే పద్ధతి: పిన్ను లాగు, గొట్టం మంట మొదలుకి గురిపెట్టు, నొక్కు, అటూ ఇటూ ఊపు. చిన్న సిలిండర్ 10 నుంచి 20 సెకన్లలో ఖాళీ అవుతుంది. మంట చెత్తబుట్ట కన్నా పెద్దదైనా, మీ వెనక బయటికి దారి లేకపోయినా దాని జోలికి పోకండి.

అలారం పెట్టాక దాని భాష తెలిసిన మనిషి కావాలి. 2019 ఏప్రిల్ 15న పారిస్ నోట్ర్‌డామ్‌లో మొదటి హెచ్చరిక రాగానే గార్డు వెళ్ళి చూసింది పక్క కట్టడం అటకని. అక్కడ మంట లేదు. అసలు అటకలో మంట కనిపెట్టేసరికి దాదాపు అరగంట పోయింది. ప్యానెల్ మీద జోన్ 3, జోన్ 4 అని ఉంటే దాని పక్కనే "బాల్కనీ వెనక స్టోరు గది" అని మన భాషలో రాసి అతికించండి. అలారం మోగాక ముందు జనాన్ని బయటికి పంపడం, ఫైర్ స్టేషన్‌కి ఫోన్ చేయడం. నిజమా కాదా అని చూసి రావడం ఆ తర్వాత.

పైకప్పు మరమ్మతులు, వెల్డింగు జరిగే రోజు పని ఆగాక కనీసం గంటసేపు ఒక మనిషి అక్కడే కాపలా ఉండాలి. నిప్పురవ్వ చెక్క సందులో మంట కనపడకుండా రాజుకుంటుంది. పనివాళ్ళు మధ్యాహ్నమే వెళ్ళిపోతారు, మంట సాయంత్రం లేస్తుంది.

బాప్తిస్మపు తొట్టి

దీనికి విడిగా చెప్పాల్సినంత ఉంది. 2005లో అమెరికాలోని వేకో నగరంలో ఒక పాస్టర్ బాప్తిస్మం ఇవ్వడానికి నీళ్ళలో నిలబడి మైకు పట్టుకోబోయి విద్యుదాఘాతంతో చనిపోయారు. నీళ్ళలో ఉన్న మనిషి చేతికందే దూరంలో తీగతో ఉన్న మైకు గానీ, స్టాండు గానీ, లైటు గానీ ఉండకూడదు. ఛార్జింగులో ఉన్న ఫోను కూడా. నీళ్ళు వేడిచేసే హీటర్‌ని స్విచ్చి ఆపితే సరిపోదు, మనిషి దిగేముందు ప్లగ్గు పీకేయాలి లేదా ఆ లైను ఐసొలేటర్ (రెండు తీగల్నీ ఒకేసారి తెంపే స్విచ్చి) ఆపాలి. స్విచ్చి ఒక తీగనే తెంపుతుంది, వైరింగు తారుమారై ఉంటే రెండోదాంట్లో కరెంటు అలాగే ఉంటుంది. ఆ లైనుకి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను తెంపేసే బ్రేకర్) పెట్టించి, దాని టెస్ట్ బటన్ నెలకోసారి, బాప్తిస్మాల రోజు ఉదయం మరోసారి నొక్కి చూడండి. నొక్కినప్పుడు పడిపోకపోతే ఆ రోజు హీటర్ వేయొద్దు.

ఇక తొట్టిలో నీళ్ళు. ఆదివారం నింపి బుధవారం దాకా వదిలేస్తారు. పసిపిల్లలు మునగడానికి జానెడు లోతు కూడా అక్కర్లేదు. అయిపోగానే ఖాళీ చేయడం, లేదా మనిషి బరువు ఆపగల మూత వేసి తాళం పెట్టడం. తడి మెట్ల మీద జారుడు ఆపే పట్టీలు, చేతికి కడ్డీ ఉండాలి.

పిల్లల విషయంలో మొహమాటం వద్దు

మొదటి నియమం: పిల్లలున్న ఏ గదిలోనైనా ఇద్దరు పెద్దవాళ్ళు, ఒకరికొకరు బంధువులు కానివాళ్ళు. భార్యాభర్తలిద్దరూ ఉంటే ఒకరి కిందే లెక్క. పదహారేళ్ళ సహాయకుడు పెద్దవాడి లెక్కలోకి రాడు. గది తలుపుకి అద్దం ఉండాలి, దాని మీద రంగు కాగితాలు అతికించకూడదు. ఇద్దరు దొరకని రోజు ఆ తరగతి జరపొద్దు, పిల్లల్ని పెద్దల ఆరాధనలోకి తెచ్చేయండి. ఈ ఒక్క నియమం పిల్లల్నీ కాపాడుతుంది, తప్పుడు ఆరోపణ నుంచి టీచర్లనీ కాపాడుతుంది.

కొత్తగా సంఘంలోకి వచ్చినవాళ్ళకి ఆరు నెలలు దాటేవరకు పిల్లల బాధ్యత ఇవ్వకండి. రాతపూర్వక దరఖాస్తు, ఇంతకుముందు ఉన్న సంఘం నుంచి ఒకరితో సహా ముగ్గురి రెఫరెన్సులు, ముఖాముఖి, పోలీసు రికార్డు తనిఖీ. రెఫరెన్సు రాయించుకుని ఫైల్లో పెట్టడం సరిపోదు, వాళ్ళకి ఫోన్ చేసి "ఈయన్ని మళ్ళీ పిల్లల దగ్గర పెట్టుకుంటారా?" అని సూటిగా అడగండి. అవతలివాళ్ళు తటపటాయిస్తే మీకు జవాబు వచ్చినట్టే. పోలీసు తనిఖీలో దొరికేది ఇంతకుముందే పట్టుబడ్డవాళ్ళు మాత్రమే. కాబట్టి అది శుభ్రంగా వచ్చినంత మాత్రాన ఇద్దరి నియమం సడలించకూడదు. పాస్టర్ గారి బంధువులకీ, పాతికేళ్ళుగా ఉన్న పెద్దలకీ ఇదే వరస. మినహాయింపు ఇచ్చిన మొదటి మనిషితోనే నియమం చచ్చిపోతుంది.

అప్పగింతకి ఒకే నంబరున్న రెండు చీటీలు: ఒకటి పిల్లవాడి చొక్కాకి, ఒకటి తెచ్చినవాళ్ళ చేతికి. చీటీ చూపకుండా అమ్మమ్మ వచ్చినా ఫోన్ చేసి నిర్ధారించుకున్నాకే పంపాలి. తల్లిదండ్రులు విడిపోయిన కుటుంబాల్లో కోర్టు ఉత్తర్వు ఏముందో రిజిస్టర్‌లో రాసి ఉండాలి, టీచరు అప్పటికప్పుడు తీర్పు చెప్పే పరిస్థితి రాకూడదు. బాత్రూముకి తీసుకెళ్తే ముందు లోపల ఎవరూ లేరని చూసి, బయటి తలుపు తెరిచి ఉంచి, గుమ్మంలో నిలబడాలి. టీచరు యువజన పిల్లలతో ఒంటరిగా ఫోన్ సందేశాలు నడపకూడదు, తల్లిదండ్రులో ఇంకో నాయకుడో ఉన్న గ్రూపులోనే మాట్లాడాలి. లైవ్‌లో పిల్లల ముఖాలు చూపించాలంటే ముందే రాతపూర్వక అనుమతి కావాలి.

పిల్లవాడు ఏదైనా చెప్పుకుంటే వినండి. "ఎవరికీ చెప్పను" అని మాటివ్వకండి. గుచ్చి గుచ్చి అడగకండి, మీరు అడిగిన ప్రశ్నలే రేపు కోర్టులో సాక్ష్యాన్ని పాడుచేస్తాయి. పిల్లవాడు అన్న మాటలే అన్నట్టుగా, తేదీ సమయంతో రాసి సంతకం చేయండి. ఆ రోజే చట్టం చెప్పిన అధికారికి తెలియజేయండి. చాలా దేశాల్లో అనుమానం ఉన్నా చెప్పి తీరాలి, దాచినవాళ్ళకి శిక్ష ఉంది. పెద్దలు కూర్చుని నిజమో కాదో తేల్చాక చెబుదామనుకోవడం, "సంఘం పరువు" అంటూ ఇరుపక్షాల్నీ పిలిచి ప్రార్థన చేయించి పంపేయడం, చర్చిలు కోర్టుల్లో దెబ్బతిన్న దారి అదే. పిల్లవాడికి అంతకన్నా పెద్ద దెబ్బ. ఆరోపణ వచ్చిన మనిషిని విచారణ ముగిసేదాకా పిల్లల దగ్గరికి రానివ్వకూడదు. అది శిక్ష కాదని ఆయనకీ చెప్పండి.

కానుకల లెక్క

సంచి జనం చేతుల్లోంచి వచ్చిన క్షణం నుంచి బ్యాంకుకి చేరేదాకా ఎప్పుడూ ఒక్కరి దగ్గరే ఉండకూడదు. బంధుత్వం లేని ఇద్దరు, నెలనెలా మారుతూ, తాళం వేసిన గదిలో లెక్కపెట్టి, ఒకే పట్టీ మీద ఇద్దరూ సంతకం చేయాలి. పట్టీ నకలు కోశాధికారికి కాకుండా వేరే మనిషికి వెళ్ళాలి. లెక్కపెట్టేవాళ్ళు, పుస్తకాల్లో రాసేవాళ్ళు, చెక్కు మీద సంతకం పెట్టేవాళ్ళు వేర్వేరు మనుషులు. బ్యాంకు స్టేట్‌మెంట్ ఈ ముగ్గురూ కాని నాలుగోవాళ్ళ దగ్గరికి నేరుగా రావాలి. చర్చిలో డబ్బు పోయిందంటే చాలాసార్లు అది ఏళ్ళ తరబడి కొంచెం కొంచెంగా, అందరూ నమ్మిన ఒక్క మనిషి చేతిలో పోయి ఉంటుంది. లెక్కల మనిషి సెలవే తీసుకోవడం లేదంటే మెచ్చుకోకండి, రెండు వారాలు సెలవిచ్చి పని ఇంకొకరికి అప్పగించండి.

క్యూఆర్ కోడ్ స్టిక్కర్ల మీద వేరే స్టిక్కర్ అతికించి పోయే మోసం ఉంది. ప్రతి ఆరాధన ముందు ఒకరు స్కాన్ చేసి ఖాతా పేరు చూడాలి. పాస్టర్ గారి ఫోటోతో "అర్జెంటుగా పంపండి" అని సందేశం వచ్చినా, కాంట్రాక్టర్ ఖాతా నంబరు మారిందని మెయిల్ వచ్చినా, మీ దగ్గర ముందునుంచీ ఉన్న నంబరుకి ఫోన్ చేసి అడిగాకే డబ్బు కదలాలి.

గొడవ చేసే మనిషి, కూలిపోయే మనిషి

గుమ్మం దగ్గర ఆహ్వానించేవాళ్ళే మంచి భద్రతా దళం. నవ్వుతూ పలకరించే మనిషికి చేతులు, సంచులు, ముఖకవళికలు అన్నీ కనిపిస్తాయి. ఎవరైనా అరుస్తూ వస్తే ఇద్దరు వెళ్ళండి, ఒకరే మాట్లాడండి. రెండు బారల దూరంలో, కాస్త పక్కకి తిరిగి, ఆయనకి బయటి దారి అడ్డుకోకుండా నిలబడాలి. గొంతు తగ్గించి పేరు అడిగి, "బయట కూర్చుని మాట్లాడుకుందాం" అనాలి. చేయి వేయకండి. బెదిరింపు సందేశం వస్తే తుడిచేయకుండా పోలీసులకి చూపండి. వాలంటీర్ల చేతికి ఆయుధాలు ఇచ్చే ఆలోచన ఎవరికైనా ఉంటే, ముందు పోలీసులతోనూ బీమా కంపెనీతోనూ మాట్లాడండి. తప్పు జరిగితే ఆ బాధ్యత మొత్తం సంఘం మీద పడుతుంది.

కెమెరాల గురించి ఇంతే: గడియారం సరిగ్గా ఉండాలి, 30 రోజుల రికార్డు నిలవాలి, వీడియో బయటికి తీయడం కనీసం ఇద్దరికి వచ్చి ఉండాలి, బాత్రూముల వైపు ఒక్కటీ ఉండకూడదు.

ఆరాధనలో కుప్పకూలినవాళ్ళ చుట్టూ జనం మూగడం, నీళ్ళు తాగించడం, "ఆత్మలో పడ్డారు" అనుకుని వదిలేయడం, మూడూ ప్రమాదమే. పిలిస్తే పలకకుండా, ఊపిరి మామూలుగా లేకుండా ఉంటే సీపీఆర్ మొదలు: ఛాతీ మధ్యలో, నిమిషానికి 100 నుంచి 120 నొక్కులు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు. ఒకరు అంబులెన్సుకి ఫోన్, ఒకరు ఏఈడీ (ఆగిన గుండెకి షాక్ ఇచ్చే పెట్టె) కోసం పరుగు, ఒకరు గేటు దగ్గర దారి చూపడానికి. గుండె ఆగాక నొక్కులు లేకుండా గడిచే ప్రతి నిమిషం బతికే అవకాశాన్ని 7 నుంచి 10 శాతం తగ్గిస్తుంది. అందుకని ఏఈడీని ఆఫీసు గదిలో తాళం వేసి పెట్టకండి. దాని ప్యాడ్లకి గడువు తేదీ ఉంటుంది, క్యాలెండర్‌లో రాసుకోండి. ఉపవాస ప్రార్థనలప్పుడు మధుమేహం ఉన్నవాళ్ళు డాక్టరుని అడిగి ఉండాలని ముందువారమే ప్రకటించండి.

నష్టపరిహారం దావాల్లో ఎప్పుడూ కనిపించేది జారిపడటం, తట్టుకుని పడటం. నేలలో 6 మిల్లీమీటర్ల ఎత్తుతేడా చాలు కాలు తట్టుకోవడానికి. మెట్టు అంచుకి వేరే రంగు పట్టీ, వేదిక మెట్లకి కడ్డీ, నడవా దాటే తీగల మీద టేపు బదులు రబ్బరు దిమ్మ. పనిరోజు నిచ్చెన 4 అడుగుల ఎత్తుకి 1 అడుగు దూరంలో కాళ్ళు పెట్టాలి. 3 మీటర్లు మించిన పని, పైకప్పు పని, కరెంటు పని వాలంటీర్లతో చేయించకండి.

వాహనాలు

15 సీట్ల వ్యానులో పదిమంది గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఎక్కితే బరువు కేంద్రం పైకీ వెనక్కీ జరిగి, తక్కువమంది ఉన్నప్పటితో పోలిస్తే బోల్తా ప్రమాదం దాదాపు మూడింతలవుతుందని అమెరికా రహదారి భద్రతా సంస్థ హెచ్చరించింది. మనుషుల్ని వెనక ఇరుసుకి ముందు సీట్లలో నింపండి, పైన సామాను కట్టకండి, టైర్ల గాలి వారానికోసారి కొలవండి. చర్చి వ్యాను తక్కువ తిరుగుతుంది కాబట్టి టైరు అరగదు, ఎండకి పాతబడి పగిలిపోతుంది. గాడులు చూసి మోసపోకుండా పక్కన ముద్రించిన తయారీ సంవత్సరం చూడండి. సభ్యులు సొంత కార్లలో పిల్లల్ని తీసుకెళ్ళే కార్యక్రమాలకి మీ పాలసీ వర్తిస్తుందో లేదో ముందే అడగాలి, చాలాసార్లు దానికి విడిగా కవరు తీసుకోవాలి.

కాగితాలు

బాధ్యత ఎవరిదనే వివాదంలో కోర్టు చూసేది సుమారుగా ఇవి: ప్రమాదం ఉందని మీకు తెలుసా, తెలిసి ఉండాలా, తెలిశాక మామూలు వివేకం ఉన్నవాళ్ళు చేసే పని చేశారా. అందుకే తనిఖీ పుస్తకం రెండువైపులా పదునున్నది. "మూడో మెట్టు వదులుగా ఉంది" అని రాసి నాలుగు నెలలు బాగుచేయకపోతే, అదే పుస్తకం మీకు వ్యతిరేక సాక్ష్యం. లోపం రాసిన గడి పక్కన సరిచేసిన తేదీ గడి ఉండాలి. వెంటనే కుదరకపోతే ఆ దారి మూసేశామని రాయాలి, నిజంగా మూసేయాలి.

ఎవరైనా గాయపడితే 24 గంటల్లో నివేదిక: ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఏం చూశారు, సాక్షుల పేర్లు, నేల ఫోటోలు, ఆయన వేసుకున్న చెప్పులతో సహా. కారణం గురించి మీ ఊహ రాయకండి. "ఖర్చంతా చర్చే భరిస్తుంది" అని ఆవేశంలో మాటివ్వకండి. ఆస్పత్రికి వెళ్ళి పలకరించండి, సాయం చేయండి, అందులో తప్పులేదు. బీమా కంపెనీకి అదే వారం తెలియజేయండి, ఆలస్యం చేస్తే క్లెయిము తిరస్కరించడానికి వాళ్ళకి కారణం దొరుకుతుంది.

క్యాంపులకి ముందు సంతకం పెట్టించుకునే హామీపత్రాల మీద అతిగా ఆధారపడొద్దు. తీవ్రమైన నిర్లక్ష్యాన్ని అవి కప్పవు. చాలాచోట్ల పిల్లల హక్కుని తల్లిదండ్రుల సంతకం వదులుకోలేదు. వాటి అసలు ఉపయోగం వైద్యానికి అనుమతి, అలర్జీల వివరాలు, ఫోన్ నంబర్లు. హాలు బయటివాళ్ళకి అద్దెకిస్తే ఒప్పందం రాసుకుని, వాళ్ళ బీమా పత్రంలో మీ సంఘం పేరు కూడా చేర్పించుకోండి. కాంట్రాక్టర్ తన కూలీలకి బీమా చేశాడో లేదో పత్రం చూసి తెలుసుకోండి. లేకపోతే పడిపోయిన కూలీ మీ గడప తొక్కుతాడు.

భవనానికి బీమా ఎంతకి చేయాలన్న చోట పెద్ద పొరపాటు జరుగుతుంది. మార్కెట్ ధర పనికిరాదు, ఈరోజు మళ్ళీ కట్టడానికి అయ్యే ఖర్చు కావాలి. సగటు నిబంధన (విలువ కన్నా తక్కువకి బీమా చేస్తే పరిహారాన్ని కూడా అదే నిష్పత్తిలో తగ్గించే షరతు) ఉన్న పాలసీలో, కట్టడానికి 100 అయ్యే భవనాన్ని 60కి బీమా చేసి ఉంటే, 20 నష్టం జరిగినప్పుడు వచ్చేది 12 మాత్రమే. మొత్తం నష్టమైతేనే ఈ నిబంధన వర్తిస్తుందని చాలామంది అనుకుంటారు, చిన్న మంటకీ వర్తిస్తుంది. మూడేళ్ళకోసారి ఇంజినీరుతో విలువ కట్టించండి. పిల్లలపై దాడుల కేసులు, వాలంటీర్ల గాయాలు, పెద్దల నిర్ణయాల మీద వచ్చే దావాలు పాలసీలో ఉన్నాయా, మినహాయించారా అన్నది ఏజెంటు నోటిమాటగా వినకండి, పేజీ నంబరుతో సహా రాసి ఇవ్వమనండి.

పాత పాలసీలు మాత్రం పారేయకండి. చాలా బాధ్యతా పాలసీలు ఘటన జరిగిన ఏడాదిని బట్టి పనిచేస్తాయి. చిన్నప్పుడు హాని జరిగిన మనిషి ఇరవై, ముప్పై ఏళ్ళ తర్వాత దావా వేస్తే, ఆ ఏడు అమల్లో ఉన్న పాలసీయే జవాబు చెప్పాలి, అదెక్కడుందో చూపించాల్సింది మీరు. సండే స్కూల్ హాజరు పట్టీలు, టీచర్ల దరఖాస్తులు, పాలసీ కాగితాలు స్కాన్ చేసి రెండు చోట్ల పెట్టండి, వాటిలో ఒకటి మందిరం బయట ఉండాలి.